తెరిచి కట్టిన చేతులు

చక్కెర లోపలికి వెళ్ళిపోయింది, ఇక కదలకూడదు. సీసం తొడుగున్న సూదిని ఎడమ మోచేతి మడతలో ఖాళీ చేసి, స్కాన్ తీసే టెక్నీషియన్ రొవీనా వెనక్కి జరిగింది. ఇప్పటినుంచి ఒరెస్ట్ బాబియాక్ పక్కన ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. అతని రక్తంలో తిరగడం మొదలుపెట్టింది కిరణాలు చిమ్మే చక్కెర. ఒంట్లో దేనికి ఆకలి ఎక్కువో అది ఆ చక్కెరని ఎక్కువ తింటుంది, ఎక్కువ తిన్నది గంట తర్వాత తీసే ఫొటోలో వెలుగుతుంది. పనిచేసిన కండరం కూడా తింటుంది కాబట్టి ఈ గంటసేపు మాట్లాడకూడదు, నమలకూడదు, పుస్తకం పేజీ తిప్పకూడదు, పళ్ళు బిగించకూడదు, పిడికిలి అసలే బిగించకూడదు. ఆ చివరి మాట అన్నప్పుడు రొవీనా అతని చేతుల వైపు చూసి నవ్వు ఆపుకుంది. చేతులు రెండూ రెండు చెక్కల మీద బోర్లా పరిచి ఉన్నాయి. వేళ్ళు విడదీసి, మణికట్టు నుంచి గోళ్ళ దాకా గుడ్డ టేపు చుట్టి ఉంది. మంచు మీద ఆడే హాకీలో కర్రలకి చుట్టే టేపు. ఆస్పత్రి టేపు వీడి చేతుల్ని ఆపలేదని అక్క డార్కా ట్రక్కు సీటు కిందనుంచి ఆ చుట్ట తెచ్చి, స్కూలు బస్సు తోలే చేతులతో తనే చుట్టింది. "ఇది రూల్స్‌లో లేదండీ," అని రొవీనా అంటే, "వీడు మాత్రం ఉన్నాడా నీ రూల్స్‌లో? పట్టుకో ఆ చెక్క," అంది. ఇప్పుడు డార్కా బయట ఉంది. రొవీనా దుప్పటి కప్పి, దీపం తగ్గించి, తలుపు దగ్గర ఆగింది. "ఏదైనా హాయిగా ఉండేది తలుచుకోండి సార్. నేనైతే మా ఊరు ఇలోయిలో, అక్కడి సముద్రం తలుచుకుంటా. ఈ ఎడ్మంటన్ చలిలో అదే నా హీటరు." తలుపు మూసుకుంది.

హాయిగా ఉండేది. సముద్రం అతనికి లేదు. చెరువులున్నాయి, అవి ఏడాదిలో సగం గడ్డకట్టి ఉంటాయి, గడ్డకట్టిందంటే దాని మీద స్కేట్లు, స్కేట్లు వేసుకున్నాడంటే ఎదురుగా ఎవడో ఒకడు. వద్దు. పైకప్పు చూద్దాం. పైకప్పులో పలకలు, పలకల్లో చిల్లులు. పోయిన వారం కూడా ఇదే పైకప్పు, ఇదే దుప్పటి. అప్పుడు టేపు లేదు. అప్పుడూ కదల్లేదు, ఆ మాట ఎవరి ముందైనా ఒట్టేసి చెప్తాడు. కదల్లేదు, దగ్గలేదు, చర్చిలో శవంలాగా పడుకున్నాడు. తర్వాత డాక్టర్ ఖోరీ తెర తిప్పి చూపించింది. నల్లటి తెర మీద మనిషి ఆకారం. మెదడు వెలుగుతోంది, అది ఎవరికైనా వెలుగుతుందిట. మూత్రాశయం వెలుగుతోంది, అదీ మామూలే. డొక్క కింద కుడివైపు కాలేయంలో చుక్కలు. వాటి సంగతి అతనికి తెలుసు, వీపు మీద పుట్టుమచ్చలో మొదలైన జబ్బు దాటుకుంటూ వచ్చి అక్కడ కూర్చుంది. కానీ తెర మీద అన్నిటికంటే వెలిగేది అది కాదు. కుడి చెయ్యి. భుజం నుంచి పిడికిలి దాకా కాగడాలాగా మండుతోంది. ఎడమది దానికి కొంచెం తక్కువ. డాక్టర్ ఖోరీ కళ్ళద్దాలు తీసింది. "బాబియాక్ గారూ, ఎవర్ని కొట్టారు?" ఎవర్నీ కొట్టలేదన్నాడు. కదల్లేదన్నాడు. "వీడు కదలకపోవడమా?" అంది డార్కా పక్కనుంచి. "పుట్టినరోజునే నర్సు ముక్కు మీద తన్నాడండీ వీడు." డాక్టరు నవ్వలేదు. అతని చేతులు తన ముందు పెట్టమంది. కళ్ళు మూసుకోమంది. పెన్ను మొనతో గుచ్చుతూ, తెలుస్తోందా, తెలుస్తోందా అని అడిగింది. మోచేతి కింద ఏదీ తెలియలేదు. ఈ జబ్బుకి కొత్త మందు మాత్రలు మొదలుపెట్టాక ముందు కాళ్ళు మొద్దుబారాయి, తర్వాత వేళ్ళు. ఇంత దూరం వచ్చిందని అతనికీ తెలియదు. కళ్ళు తెరిచేసరికి కుడి పిడికిలి బిగుసుకుని ఉంది. తను బిగించలేదు. అదే బిగుసుకుంది, అతన్ని అడక్కుండా, ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని కాబట్టి.

అలా ఫొటో పాడైంది. చెయ్యి అంత తినేస్తే కాలేయంలో చుక్కలు తిన్నదెంతో తేల్చడం కుదరదు. చుక్కల వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో మూడో వంతైనా తగ్గి ఉండాలి, తగ్గితేనే ఈ మందు పరీక్షలో అతన్ని ఉంచుతారు. తగ్గకపోతే మాత్రలు ఆపేస్తారు. ఇంకొక్కసారి తీస్తాం, అంతకంటే నేను అడగలేను అంది డాక్టరు. మాత్రలు ఆపితే తర్వాత ఏముందని డార్కా అడిగింది. "ఏమీ లేదని నేనెప్పుడూ అనను," అంది డాక్టరు. "నా దగ్గర లేదు." ట్రక్కు ఎక్కాక డార్కా స్టీరింగు మీద ఒక్క గుద్దు గుద్దింది. హారన్ మోగింది. పార్కింగులో ఎవరో తిట్టారు. "నోరు ముయ్యి!" అని అద్దం దించి అరిచింది. అప్పటినుంచి తమ ఊరు వెగ్రవిల్ దాకా దారి పొడుగునా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. ఎందుకు నవ్వారో అతనికిప్పుడు అర్థం కావడంలేదు.

కాబట్టి చేతులు. చేతులు ఎలా ఉన్నాయి? తెలియదు. టేపు ఉంది, పిడికిలి పడదు. కానీ కట్టేసిన చెయ్యి కూడా బిగుసుకోగలదు, చెక్కని నొక్కుతూ, టేపుని లాగుతూ, మోచేతి కింద కండలన్నీ తాళ్ళలా మెలిపడుతూ. అలా జరుగుతుంటే తనకి కబురు అందదు. కబురు తెచ్చే నరాలని మాత్ర తినేసింది. మాత్ర సంగతి డాక్టర్ ఖోరీ బొమ్మ గీసి చెప్పింది. ప్రతి కణంలోనూ కొలిమి ఒకటి ఉంటుందిట, నిదానంగా, పూర్తిగా, బూడిద మిగలకుండా కాలుస్తుంది. ఈ జబ్బు కణం తన కొలిమి తలుపు తనే మూసుకుంటుంది. మూసుకుని బయట గడ్డి మంట వేసుకుని బతుకుతుంది. గడ్డి మంటకి ఎంత వేసినా చాలదు కాబట్టి చక్కెర మీద పడి దోచుకుంటుంది. మందు చేసే పని ఆ కొలిమి తలుపు బద్దలుకొట్టడం. తలుపు తెరుచుకుంటే నిప్పు లోపల రాజుకుంటుంది. ఆ వేడికి ఆ కణం తట్టుకోలేదు, తన ఇంట్లో తన కొలిమిలోనే కాలి చస్తుంది. ఒరెస్ట్‌కి ఆ మాట నచ్చింది. ఆస్పత్రిలో అతనికి అర్థమైన మొదటి మాట అదే. సంతకం పెట్టాడు. నరాలకి కూడా కొలిమి ఉంటుందనీ, మందుకి ఎవరి తలుపు ఎవరిదో పూర్తిగా తెలియదనీ డాక్టరు చెప్పింది. అప్పుడు అది అతని చెవికెక్కలేదు.

గడ్డి మంట అంటే నవంబరు. నవంబరులో నాన్న వసిల్ పందిని కోసేవాడు. గొడ్డలి వెనక వైపుతో నుదుటి మీద ఒక్కటి, అది మోకాళ్ళ మీద కూలుతుండగానే గొంతు కింద కత్తి. రక్తం పట్టడానికి అమ్మ గిన్నె పట్టుకుని నిలబడేది. ఆవిరి గిన్నెలోంచి అమ్మ ముఖం దాకా లేచేది. తర్వాత పంది మీద గడ్డి కప్పి నిప్పు పెట్టేవాడు వెంట్రుకలు కాలడానికి. మంట ఇంటి కప్పు ఎత్తు లేచి, చూస్తుండగానే ఆరిపోయేది, మళ్ళీ గడ్డి, మళ్ళీ మంట. వెంట్రుకలు కాలిన వాసన వారం దాకా బట్టల్లో ఉండేది. "చూశావా, గడ్డి ఎంత తింటుందో," అనేవాడు నాన్న. ఇంట్లో డార్కా ముక్కు మూసుకుని పాటలు పాడుకునేది. పంది పని అయ్యాక నాన్న పశువులశాలలో అతన్ని నిలబెట్టి రెండు చేతులూ ముఖం ముందు పెట్టమనేవాడు. చేతులు దించిన మరుక్షణం చెంప పగిలేది. "చేతులు దించకు. దించావా చచ్చావు." చెంప మీద పడేది పంది కొవ్వు వాసన. అతను చేతులు దించడం మానేశాడు. నిద్రలో కూడా దించేవాడు కాదని మార్లీన్ అనేది, ఒక్క మంచం మీద పడుకున్నన్నాళ్ళూ.

మార్లీన్. ఇది హాయిగా ఉండేదే. జాస్పర్‌లో తమ పెళ్ళి, తెల్ల గౌను, వోడ్కా, పిండిలో ఆలుగడ్డ పెట్టి ఉడికించిన పైరోగీల బేసిన్లు, అకార్డియన్. మార్లీన్ తమ్ముడు చేత్తో గ్లాసు ఊపుతూ వచ్చాడు. "ఏం బావా, నీ ముక్కు పెళ్ళి కోసం నిటారుగా చేయించలేకపోయావా?" అన్నాడు. అంతే అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత బల్ల మీదనుంచి కేకు పడింది, కేకు మీద బావమరిది పడ్డాడు, అతని మీద ఒరెస్ట్. క్రీము, రక్తం, మార్లీన్ చెప్పు. చెప్పు వచ్చి తన తల వెనక తగిలింది. రాత్రి మార్లీన్ అతని పిడికిలి మీద కేకు క్రీము తుడుస్తూ, "వీటికి చెవులుంటే బాగుండేది, నేను మాట్లాడేదాన్ని," అంది. వీటికి అప్పుడూ చెవులు లేవు. ఇప్పుడు స్పర్శ కూడా లేదు. అతని గుద్దుకి వంటింటి గోడకి చిల్లి పడిన ఏడాది ఆవిడ కెలోనా వెళ్ళిపోయింది, దెబ్బ గోడకి మాత్రమే, ఆవిడకి ఎప్పుడూ కాదు. అది గోడ దగ్గరే ఆగుతుందని నమ్మే మనిషి కాదు ఆవిడ, తర్వాత ఏమవుతుందో చూడటానికి ఉండలేదు. ఆగు. పళ్ళు. పళ్ళు బిగుస్తున్నాయి. దవడ వదులు. దవడ తెలుస్తుంది, భగవంతుడి దయవల్ల దవడ ఇంకా తనదే. నాలుక పళ్ళ మధ్య పెట్టాడు. పెట్టుడు పళ్ళ మధ్య.

అసలు పళ్ళు ఎవరెవరి దగ్గర ఉన్నాయో చెప్పగలడు. ఒకటి రెజీనా ఊళ్ళో, ఒకటి మెడిసిన్ హ్యాట్‌లో బెంచీ కింద, మూడు ఎదుటి జట్టు లయల్ డెలారోండ్ పిడికిలి మీద. లయల్ వేలి కణుపులో ఇప్పటికీ ఒక మచ్చ ఉంది, అది ఒరెస్ట్ పంటి ఆకారమే. ఒరెస్ట్ హాకీ జట్టుతో మంచు మీదికి గోల్ కొట్టడానికి వెళ్ళలేదు. మీసం సరిగ్గా రాని వయసులో కోచ్ గస్ బస్సులో పక్క సీట్లో కూర్చుని చెప్పాడు. "అబ్బాయ్, ఆట ఆడేవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ళ మీద చెయ్యి వేసినవాడి చెయ్యి విరగాలి. అది నీ ఆట." ఎదుటి జట్టులో అదే పని చేసేవాడు ఒకడుంటాడు. ఇద్దరికీ తెలుసు. గ్లవ్స్ పడేస్తారు, హెల్మెట్ తీస్తారు, జనం లేస్తారు. వెనకనుంచి కొట్టరు, అలసిపోయి ఉన్నవాణ్ణి పిలవరు, కిందపడ్డవాడి మీద చెయ్యి వేయరు. పిలిచే పద్ధతి కూడా ఒకటుంది, అడగాలి. గీత దగ్గర పక్కపక్కన వంగి నిలబడి, ఆట బిళ్ళ పక్ మంచు మీద పడేలోపు, లయల్ అడిగేవాడు.

"ఏరా ఒరెస్ట్, మీ నాన్న మోకాలు ఎలా ఉంది?"

"కోశారు. కర్రతో నడుస్తున్నాడు. మీ పాప?"

"పళ్ళొస్తున్నాయిరా. నిద్రపోనివ్వదు."

"నాకు పోయిన వారం రెండు పోయాయి."

"ఇంకో రెండు తీసుకోనా?"

"రా మరి."

గ్లవ్స్ మంచు మీద పడేవి. ఎడమ చేత్తో ఎదుటివాడి జెర్సీ పట్టుకోవడం, కుడి చేత్తో కొట్టడం. దెబ్బ చేతిలోంచి రాదు, కంట్లోంచి వస్తుంది. ఎక్కడ కొట్టబోతాడో అక్కడ ముందు చూపు పడుతుంది, ఒక్క రెప్పపాటు, తర్వాత కావాలని పక్కకి పోతుంది. ఆ రెప్పపాటు చూడగలిగినవాడే ఈ పనిలో ముసలివాడవుతాడు. ఒరెస్ట్ చూడగలిగేవాడు. లయల్ చూపు చెంప మీద పడితే చెంప తప్పించేవాడు. తనది మాత్రం ఎప్పుడూ ముందు దెబ్బే. లయల్ కంటి కింద ఎముక విరిగినప్పుడు వచ్చిన చప్పుడు గుర్తుంది, గడ్డకట్టిన చెరువు చీలినట్టు. తన ముక్కు మూడోసారి పగిలినప్పుడు చప్పుడు బయటికి రాలేదు, చెవుల లోపలే ఉండిపోయింది. రక్తం మంచు మీద పడిన చోట సన్నగా పొగ. పందికి లాగానే. ఎవరో ఒకరు పడేవారు, రిఫరీలు మీద పడి విడదీసేవారు. పడ్డవాడు లేచాక ముందు తట్టాలి, మెల్లగా, పిడికిలితో, ఎదుటివాడి డొక్క మీద రెండుసార్లు. బాగా కొట్టావు అని. పడ్డవాడు తట్టకపోతే వాడు మనిషి కాదు. శిక్షగా ఆట బయట కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సులో కూర్చుని ముక్కుల్లో దూది పెట్టించుకుంటుంటే, అద్దం అవతల మొదటి వరసలో డార్కా ఉండేది, పాప్‌కార్న్ తింటూ. ఇంటికి ఫోన్ చేసి నాన్నకి గోల్స్ సంగతి చెప్పేది కాదు. "ఇవాళ మనవాడు తట్టాడు నాన్నా," అనేది, లేదా "మనవాణ్ణి తట్టారు," అనేది. నాన్న ఫోన్ పెట్టేసేవాడు.

చెక్క చప్పుడైందా? కిర్రుమందా? కుడి చెయ్యి కింద. చూడాలంటే తల తిప్పాలి, తిప్పితే మెడ తింటుంది. దుప్పటి కప్పి ఉంది, చూసినా కనపడదు. వదులు, వదులు అని చేతికి చెప్పాడు. చేరిందో లేదో. దీనికంటే వాల్ట్ చెప్పినట్టు చేసి ఉంటే పోయేది. వాల్ట్ చమురు బావుల్లో పనిచేసిన మనిషి, ఇదే మాత్ర వేసుకుంటాడు, మొద్దుకాళ్ళ మనుషులందరూ కూర్చునే వరండాలో పరిచయం. పోయిన వారం సంగతి విని గుటకలు వేస్తూ నవ్వాడు. "తమ్ముడూ, నువ్వు పిచ్చోడివి. ఫొటో పాడవలేదు, నీకు దారి చూపించింది. మరీ అంత బిగించకు, ఒళ్ళంతా కొంచెం కొంచెంగా బిగించు. తొడలు, పిర్రలు. పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా నాలుగు పాన్‌కేకులు సిరప్ పోసుకుని తిని రా. చక్కెరంతా కండలు లాక్కుంటాయి. డొక్కలో ఉన్నవాడికేం మిగలదు, ఫొటోలో మాడిపోయి కనపడతాడు. ఇంకో రెండు నెలలు మాత్రలిస్తారు." డార్కా కాఫీ కప్పు కింద పెట్టింది. "ఆ తెలివి ఉంటే నువ్వింకా ఈ వరండాలో ఎందుకున్నావయ్యా?" అంది. వాల్ట్‌కి కోపం రాలేదు. ఒరెస్ట్ ఆ రాత్రి ఆలోచించాడు. చెయ్యొచ్చు. చేతకాని పని కాదు. జెర్సీ కింద పిడికిలికి రాగి తీగ చుట్టుకుని వచ్చినవాణ్ణి ఒకణ్ణి చూశాడు ప్రిన్స్ జార్జ్‌లో, గెలిచాడు, ఆ తర్వాత ఏ జట్టువాడూ వాణ్ణి పిలవలేదు, అడగలేదు, మంచు మీద వాడొక్కడే తిరిగేవాడు. అయినా అసలు సంగతి అది కాదు. మోసపోయేది ఫొటో. డొక్కలో ఉన్నవాడు మోసపోడు.

డొక్కలో ఉన్నవాడు. ఇప్పుడు కూడా తింటున్నాడు. ఇదిగో, ఈ క్షణంలో, కుడి పక్కటెముకల కింద, చీకట్లో, గడ్డి మంట వేసుకుని, గిన్నె ఎత్తి పెట్టుకుని తాగుతున్నాడు. వాడి జెర్సీ పట్టుకోవాలి. ఎడమ చెయ్యి చొక్కా కింద, తోలు కింద, ఎముకల సందులోంచి లోపలికి పెట్టి, గుప్పెడు పట్టుకుని, లాగి, బయటికి, వెలుతురులోకి, మంచు మీదికి లాగి, కుడి చేత్తో, ముఖం ఎక్కడుంది వాడికి, ముఖం లేకపోతే ఎక్కడో ఒక చోట, ఒకటి, మళ్ళీ, మళ్ళీ, నలిగేదాకా, నాన్న గొడ్డలి వెనక వైపు, పంది కళ్ళు, అమ్మ గిన్నె, కొట్టు, లేవనీకు, కిందపడ్డా కొట్టు, వీడికి మర్యాద లేదు, వీడు అడిగి రాలేదు, వెనకనుంచి వచ్చాడు వీపు మీదనుంచి, కొట్టు, నీ ఇంట్లో నీ కొలిమిలో నిన్ను, కొట్టు, భుజం. భుజం బిగిసింది. భుజం తెలుస్తుంది. కుడి భుజం చెవిదాకా లేచి ఉంది. అయిపోయింది. మళ్ళీ కాగడా. మళ్ళీ డాక్టరు కళ్ళద్దాలు తీస్తుంది, ఈసారి ఎవర్ని కొట్టారని కూడా అడగదు. ఇంకొక్కసారి అంది, ఆ ఒక్కసారీ ఇదే. వదిలేయ్. శ్వాస తీసుకో. ముక్కుతో తీసుకోలేడు, ముక్కు లయల్ దగ్గర ఉంది. నోటితో తీసుకున్నాడు. భుజం కిందికి దిగింది, ఎముక ఎముకే దిగింది. ఎంత తినేసి ఉంటుంది? కొంచెమే. కొంచెమే అయి ఉండాలి. గంటలో చాలా మిగిలి ఉండాలి.

నిన్న లయల్ ఫోన్ చేశాడు. ప్రిన్స్ ఆల్బర్ట్‌లో చెడిపోయిన బళ్ళు లాగే ట్రక్కు తోలుతున్నాడు, ఏడాదికి ఒకసారి మంచు పడ్డాక చేస్తాడు. "కాలేయంలో ఎవడ్రా ఉన్నాడు? జెర్సీ నంబరెంత వాడిది?" అన్నాడు. నంబరు లేదన్నాడు ఒరెస్ట్. చేతుల సంగతి చెప్పాడు. ఫోనులో లయల్ దగ్గాడో నవ్వాడో. "నీకు ఎప్పుడూ ముందు కొట్టాలిరా. గంట మోగకముందే కొట్టాలి. అందుకే నువ్వు తట్టిందే ఎక్కువ."

"లెక్క చూసుకో, నువ్వే ఎక్కువ తట్టావు."

"మీ అక్కని అడుగు. ఒరేయ్, విను. నేను నిన్ను ఎలా పడగొట్టేవాణ్ణో ఎప్పుడైనా చూశావా? కొట్టనిచ్చేవాణ్ణి. చేతులు కిందికి దించేసి, నీ చొక్కా పట్టుకుని ఊరికే వేలాడేవాణ్ణి. నువ్వు కొట్టి కొట్టి, నీ చెయ్యి నీకే బరువయ్యేది. దెబ్బలు తినడం కూడా పనేరా. నీకు రాలేదు ఆ పని."

చేతులు దించావా చచ్చావు. పశువులశాలలో నాన్న నిలబడి ఉన్నాడు, గొడ్డలి గోడకి ఆనించి ఉంది. సరే. రా. ఒరెస్ట్ మంచు మీద నిలబడ్డాడు. చెరువు, పొద్దు పోయే వెలుతురు, ఎవరూ లేరు, జనం లేరు. లయల్ వచ్చాడు, కుర్రవాడు, ముఖంలో ఎముకలన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. మీ నాన్న మోకాలు ఎలా ఉందని అడిగాడు. చనిపోయాడన్నాడు ఒరెస్ట్. వస్తావా? వస్తాను. గ్లవ్స్ తీశాడు, వేళ్ళు విడదీశాడు, చేతులు పక్కలకి దించాడు, అరచేతులు మంచు వైపు. మొదటి దెబ్బ చెంప మీద. పడనిచ్చాడు. రెండోది ముక్కు మీద, ఉన్నదే లేదు, పోయేదేముంది. వెచ్చగా నోట్లోకి కారింది, మింగాడు, ఉప్పు. మూడోది కంటి కింద, చెరువు చీలింది. ఇప్పుడు కొట్టాలి, ఇప్పుడే, లయల్ గడ్డం తెరిచి ఉంది, పసిపిల్లవాడు కూడా కొట్టగలడు. చేతులు దించే ఉంచాడు. లయల్ పక్కకి తప్పుకున్నాడు, వెనక నాన్న ఉన్నాడు, అరచేతి వెనక వైపుతో, పంది కొవ్వు. దించే ఉంచాడు. బావమరిది వచ్చాడు గ్లాసుతో, గస్ వచ్చాడు విజిల్ మెడలో వేసుకుని, ప్రిన్స్ జార్జ్ వాడు వచ్చాడు రాగి తీగతో, ఆ తీగ నుదురు మీద చర్మాన్ని రెండుగా విడదీసింది, కళ్ళలోకి ఎర్రగా. మార్లీన్ చెప్పు. అన్నీ తగలనిచ్చాడు. మోకాళ్ళు వంగాయి కానీ పడలేదు. చిట్టచివర ముఖం లేనివాడు వచ్చాడు. వాడు ఏమీ అడగలేదు. కుడి డొక్క కింద మొదలుపెట్టాడు, లోపల్నుంచి. ఒరెస్ట్ వాడి దెబ్బలు కూడా తిన్నాడు. వేళ్ళు విడదీసి, చేతులు దించి, ఊపిరి తీస్తూ, వదుల్తూ. చెయ్యి బరువెక్కిందేమో వాడికీ. వాడు కూడా అలసిపోతాడేమో. మంచు మీద నెత్తురు పొగలు పోతోంది, ఎవరిదో తెలియదు. చెరువు మీద చప్పుడు లేదు.

"సార్," అంది రొవీనా. దీపం పెరిగింది. "అయిపోయింది. నిద్రపోయారా?"

చెక్కలతోనే అతన్ని యంత్రం సొరంగంలోకి పంపించారు. తల నుంచి కాలి గోరు దాకా జరుపుకుంటూ పోయింది. అద్దం వెనక రొవీనా నీడ తెర ముందుకి వంగి, వెనక్కి జరిగి, మళ్ళీ వంగడం అతనికి కనిపించింది. బయటికి తీశాక ఆవిడ కత్తెర తెచ్చి టేపు కోసింది, మణికట్టు దగ్గర మొదలుపెట్టి వేళ్ళ వైపు. టేపు కింద చర్మం తెల్లగా ముడతలు పడి ఉంది.

"చేతులు ఎలా వచ్చాయి?"

"నేనేం చెప్పకూడదు సార్, డాక్టరుగారు చెప్తారు, మీకు తెలుసుగా." కత్తెర ఆగింది. గొంతు తగ్గించింది. "చేతులు చీకటి. రెండూ. భుజం దగ్గర ఇంత మచ్చ, అంతే. ఇంత బాగా పడుకున్నవాళ్ళని నేను చూడలేదు. ఏం తలుచుకున్నారు?"

"చెరువు."

ఆవిడ నవ్వింది. అతను ఆవిడ కళ్ళలోకి చూస్తున్నాడు, అడగడానికి కాదు, అది అతని అలవాటు. ఆవిడ చూపు దిగింది. కుడి పక్కటెముకల కింద పడింది, ఒక్క రెప్పపాటు. తర్వాత కావాలని కత్తెర మీదికి పోయింది.

వరండాలో డార్కా కాగితం సంచి పట్టుకుని నిలబడి ఉంది. పొద్దుట్నుంచి ఖాళీ కడుపుతో ఉన్నాడని డోనట్లు కొంది. సంచి అడుగున నూనె మరక. డాక్టర్ ఖోరీ గది తలుపు వరండా చివర మూసి ఉంది, పిలిచేదాకా ఆగమన్నారు.

"చేతులు?" అంది.

"చీకటిట. రెండూ."

"చూశావా! నా టేపురా అది! వాళ్ళ డిగ్రీలూ వాళ్ళూ, నా టేపు పనికొచ్చింది చివరికి. ఇంద, తిను, ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో. రెండు తెచ్చా, చాకొలేటుది నాది, దాని జోలికి రాకు."

అతను సంచి అందుకోలేదు. కుడి చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. పిడికిలి పట్టాడు. పట్టుకుందో లేదో చూసి సరిచేసుకున్నాడు, బొటనవేలు బయట. ఆ పిడికిలితో కుడి డొక్క మీద తట్టాడు. మెల్లగా. రెండుసార్లు.

డార్కా సంచి దించింది. ఎన్నో ఏళ్ళు మొదటి వరసలో కూర్చున్న మనిషి. అద్దం అవతలనుంచి చూసి నాన్నకి ఫోనులో చెప్పిన మనిషి. సంచి మూతి మడిచి, ఇంకో మడత మడిచి, కోటు జేబులో కుక్కుకుంది. గది తలుపు తెరుచుకుంది. ఎవరో అతని పేరు పిలిచారు.

"పద," అంది డార్కా. "ఆవిడ నోటితో కూడా విందాం."

అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకుందని అతను చూసి తెలుసుకున్నాడు.